పసుపు ఫొటోలో కుడి పైట

మా ఇంటికి కెమెరా నూనె డబ్బాలతో పాటు వచ్చింది. ఆ ఏడాది సరుకు ఎక్కువ ఎత్తిన దుకాణదారులకి ఒక నూనె కంపెనీ బహుమతులు పంచింది. ఎదురు కొట్టాయనకి మిక్సీ వచ్చింది, మా వారికి అరచేతిలో ఇమిడే వెండిరంగు డిజిటల్ కెమెరా వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మిక్సీ అయితే పచ్చడైనా రుబ్బుకుందుం. దీంతో ఏటి సేస్తాం?" అని నా చేతిలో పెట్టేసి కొట్లోకి వెళ్లిపోయారు.

మిక్సీని ఎదురింటికి పంపిన దేవుడికి ఆ రోజు పెట్టిన దణ్ణం నేను ఇప్పటికీ మానలేదు.

మాది పాతపట్నం బజారు వీధి. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, పైన మేడ. ఇంట్లో మా వారు, నేను, మా అత్తగారు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేది. దుమ్ములో పంపడం ఇష్టం లేక నాన్న తన కొట్లోనే కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. పలక మీద అక్షరాలు, తక్కెడ మీద లెక్కలు, పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద చదవడం. పొట్లం ఎక్కడ చిరిగితే కథ అక్కడితో సరి. అందుకని నాకు మొదలు తెలిసిన కథలు బోలెడు, చివర తెలిసినవి తక్కువ. మిగతాది నేనే తేల్చుకోవాలి. ఆ అలవాటు తర్వాత కెమెరా దగ్గర, కంప్యూటరు దగ్గర బాగా అక్కరకొచ్చింది. కెమెరాతో ఇచ్చిన పుస్తకంలో ఏ మీట దేనికో ఉంటుంది గానీ ఏ మీట ఎందుకు నొక్కాలనిపిస్తుందో ఉండదు కదా.

కంప్యూటరు కొట్టు లెక్కల కోసం కొన్నది. మధ్యాహ్నం షట్టరు సగం దించి మా వారు భోంచేసి నడుం వాల్చే వేళ మాత్రం అది నాది. కెమెరాలోని ఫొటోలు అందులో పోసుకుని, పెయింట్ అనే ప్రోగ్రాములో వాటిని కోసేదాన్ని, అతికేదాన్ని. ఫొటోలు లేనప్పుడు ముగ్గులు వేసేదాన్ని. సగం ముగ్గు వేసి, దాన్ని తిరగేసే మీట నొక్కితే రెండో సగం అద్దంలోలాగా వచ్చేస్తుంది, రెండూ కలిపితే ముగ్గు పూర్తి. ఇంకా మంచి సంగతి, కంట్రోల్ జెడ్ నొక్కితే చేసిన తప్పు చెయ్యనట్టే పోతుంది. దేవుడి తర్వాత అంత క్షమ నేను అక్కడే చూశాను. లెక్కల షీటులో గళ్లకి రంగులు నింపినా ముగ్గు వస్తుందని కనిపెట్టిన రోజు మాత్రం మా వారు కొట్లోంచి కేకేశారు.

"కందిపప్పు స్టాకు కాడ తామరపువ్వు ఉన్నాదేటే?"

"పక్క గళ్లలో అంకెలు అలాగే ఉన్నాయండీ. పువ్వు ఖాళీ గళ్లలోనే వేశాను."

ఆయన కాసేపు చూసి, "సెనగపప్పుకి కూడా ఏదోటి ఎయ్. అది ఒక్కత్తే బోసిగా ఉన్నాది" అన్నారు. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు వేరే దణ్ణం.

నా ప్రయోగాల్లో ఊరంతటికీ తెలిసింది హారతి ఫొటో. కెమెరాలో బాణసంచా బొమ్మ ఉన్న మీట ఒకటుంది. అది పెడితే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంటుంది. కెమెరాని బియ్యం డబ్బా మీద కదలకుండా ఉంచి, అత్తయ్య హారతి తిప్పుతున్నప్పుడు నొక్కాను. కర్పూరం మంట తిరిగినంత మేరా గీతలా పడి, స్వామి పటం చుట్టూ నిప్పు చక్రం వచ్చింది. అత్తయ్య ఆ ఫొటో చూసి మాట్లాడలేదు. పక్కింటికి వెళ్లి మాట్లాడారు. సాయంత్రానికి వీధిలోని ఆడవాళ్లంతా చెప్పులు బయట విడిచి కంప్యూటరు ముందు చేరారు. అది మహిమ కాదనీ, కెమెరా కన్ను తెరిచి ఉండడం వల్ల అలా పడిందనీ నేను చెప్పుకుపోతూనే ఉన్నాను.

"సరేలే అమ్మా," అంది ఒకావిడ. "ఆయన కనపడ్డాడు గదా. ఏ మీట నొక్కితే కనపడితే ఏటి."

మర్నాడు మా వారు లెక్కలు చూద్దామని కంప్యూటరు తెరిస్తే తెర నెత్తి మీద మందార పువ్వు, అంచున కుంకుమ బొట్టు. ఆయన పువ్వు తీసి పక్కన పెట్టారు గానీ బొట్టు తుడవలేదు. తుడిచే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అత్తయ్య నన్ను ఆ పని అడిగింది ఆ హారతి ఫొటో చూశాకే.

మా ఇంట్లో పేరంటాలు పూజ ఉంది. ఇంట్లో ముత్తైదువగా పోయిన ఆడమనిషిని మా వైపు పేరంటాలుగా కొలుచుకుంటారు. గోడకి పసుపు పూసి, బొట్లు పెట్టి, ఏటా ఒక వైశాఖ శుక్రవారం చీర పెడతారు. మా ఇంటి పేరంటాలు అత్తయ్యకి స్వయానా తోటికోడలు. అత్తయ్య ఆవిణ్ణి అక్క అంటారు, మా వారికి దొడ్డమ్మ, నాకు పెద్దత్తయ్య. పిల్లలు పుట్టకుండానే, చిన్న వయసులోనే జ్వరంతో పోయారట. కొత్తగా కాపురానికొచ్చిన అత్తయ్యకి పొయ్యి రాజెయ్యడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆవిడేనట.

ఆవిడ ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటే. ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటో, వరసలో చివర నిలబడి ఉంటారు. అత్తయ్యకి ఆ ఫొటో గిట్టదు.

"ఇందులో ఆవిడ ఆవిడలాగ నేదు. ఫొటోవోడు పాడు సేసేడు" అనేవారు.

ఒక మధ్యాహ్నం నేను పెయింట్‌లో ఏదో చేసుకుంటుంటే వచ్చి వెనక నిలబడ్డారు.

"ఒలే, కళ్లు మూసుకుంటే మొదట్లో అక్క కనపడేది. ఇప్పుడు సీర కనపడతాది, గాజులు కనపడతాయి. మొఖం రాటం నేదు. పసుపు ముద్ద మీద బొట్టు ఎడతన్నాను గానీ, ఎవరికి ఎడతన్నానో నాకే గురుతు నేదు."

నేను కుర్చీ తిప్పి చూశాను. ఆవిడ తెర వైపే చూస్తున్నారు.

"దేముడి సుట్టూ సెక్రం రప్పించేవు. అక్క మొఖం రప్పించలేవా? పండగలోపు."

గుంపు ఫొటోలోని మొఖాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టించి గూట్లో పెడదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఫ్రేము కడితే దానికి దండ వెయ్యాలి.

"దండేస్తే సచ్చిపోయినట్టుంటాది" అన్నారు.

పెద్దత్తయ్య పోయి నలభై ఏళ్లు దాటింది.

"పేరంటాలుకి ఆ నల్ల మసి బొమ్మలు పనికిరావు. పసుపే ఉండాల" అని చెప్పి వెళ్లిపోయారు.

అక్కడ నాకు ఎప్పుడో నెట్‌లో చదివిన సంగతి గుర్తొచ్చింది. మొక్కల రసాలతో, ఎండతో ఫొటోలు వేసే పద్ధతి ఒకటుంది. అందులో పసుపు కూడా ఉంది. పసుపు ఎండకి వెలిసిపోతుందని మనకి తెలిసిందే. కాగితానికి పసుపు పట్టించి, పైన ప్లాస్టిక్ షీటు మీద అచ్చేసిన బొమ్మ పెట్టి ఎండలో ఉంచితే, బొమ్మ నలుపు అడ్డుపడ్డ చోట పసుపు నిలుస్తుంది, మిగతా చోట వెలిసిపోతుంది. తర్వాత క్షారం నీళ్లలో ముంచితే నిలిచిన పసుపు ఎర్రబడుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అక్కడికొచ్చేసరికి నిఘంటువు అక్కర్లేకపోయింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ఏ పుస్తకం చూసి తెలుసుకోవాలి?

పేజీలో మాత్రం పసుపు నీళ్లలో సరిగ్గా కరగదు, స్పిరిట్‌లో కలపాలని ఉంది. మందుల కొట్లో స్పిరిట్ తెప్పించి, కొట్టు పసుపు అందులో నానేసి, వడగట్టి, మందపాటి డ్రాయింగు కాగితాలకి పూసి చీకటి గదిలో ఆరేశాను. ఇల్లంతా ఘాటు వాసన.

సరిగ్గా అప్పుడే మా వదిన దిగింది. మా వారి అక్క, సాలూరులో ఇచ్చారు. వాళ్లకి లారీలున్నాయి. పండగ ముందుగా వచ్చి మా దగ్గర ఉంటుంది, పర్లాకిమిడి వైపు వెళ్లే తమ లారీలోనే డ్రైవరు పక్కన కూర్చుని వస్తుంది. బస్సు కంటే ఎత్తుగా ఉంటుందట, అన్నీ కనపడతాయట. ఆవిడ సంచీ కింద పెట్టకుండానే ముక్కు ఎగబీల్చింది. మా వారు అన్నం తింటున్నారు.

"ఒరే, పట్టపగలు తాగుతన్నావేట్రా?"

"నేను కాదే అక్కా. నా నోరు వాసన సూడు కావలిస్తే."

"మరెవులు? అమ్మేటి?"

అత్తయ్య పక్క గదిలోంచి తల బయట పెట్టారు. "నానే. కోడలు కలిపిస్తన్నాది. రెండు గుక్కలు నువ్వూ తాగు, లారీలో వొళ్లు అదిరిపోయుంటాది."

వదిన నమ్మిందో లేదో చెప్పలేను గానీ, ఆ పూటంతా నాకు కాస్త దూరంగానే తిరిగింది. పసుపు కాగితాలు చూపించి విషయం చెప్పాక దగ్గరికి జరిగింది. ఆ తర్వాత ఆ పని నాకంటే ఆవిడకే ఎక్కువైపోయింది. దొడ్డమ్మ ఫొటో మా ఇంట్లో తయారవుతున్నాదని ఫోనులో సాలూరు వరకూ చెప్పేసింది.

గుంపు ఫొటోని కెమెరాతో మళ్లీ ఫొటో తీసి, కంప్యూటరులో పెద్దత్తయ్యని మాత్రం కోసి పెద్దది చేశాను. పెద్దది చేసిన కొద్దీ మొఖం బూందీ పోసినట్టు గళ్లు గళ్లుగా విడిపోయింది. ఆ గళ్లని ఒక్కొక్కటే దిద్దాను. రంగు తీసేసి, నలుపు బాగా ముదిరేలా చేసి, జెరాక్స్ కొట్టుకి పట్టుకెళ్లి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద అచ్చెయ్యమన్నాను.

"కాలేజీ ప్రాజెక్టేటమ్మా?" అన్నాడు ఆ కొట్టాయన.

"కాదు, మా అత్తగారికి."

"అత్తగారు ఏటి సదువుతన్నారు?" అని చాలా గౌరవంగా అడిగాడు.

మేడ మీద వడియాల పక్కన మొదటి కాగితం పెట్టాను. కింద చెక్క, దాని మీద పసుపు కాగితం, షీటు, పైన అద్దం పలక. కాకుల కోసం కర్ర పట్టుకుని కూర్చున్న అత్తయ్య వడియాలకి, వాళ్ల అక్కకి కలిపి కాపలా కాశారు. సాయంత్రం షీటు తీసి సున్నపు తేటలో ముంచితే బొమ్మ ఎర్రగా లేచింది. మేం ముగ్గురం సంబరపడ్డాం. ఆరేసరికి ఎరుపు మళ్లీ పసుపులోకి జారిపోయింది. మర్నాడు కొట్లోంచి వెలిగారం, అంటే బోరాక్స్, తెచ్చి ఆ నీళ్లలో ముంచాను. అది నిలబెట్టింది. పాలిపోయిన పసుపు నేల మీద ఇటికె రంగులో ఒక ఆడమనిషి. ఎడమ భుజం మీద పైట, ఒక పక్కకి వొరిగిన నవ్వు, ఒక కనుబొమ్మ చివర చిన్న కోత.

మా వారు చూసి మెచ్చుకున్నారు, తర్వాత గొంతు తగ్గించారు. "బాగున్నాది గానీ, మన కొట్టు పసుపు ఎండకి ఎలిసిపోతాదని వీధిలో సెప్పకు."

అత్తయ్య కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"బాగున్నాది. ఎవురే ఈవిడ?"

"పెద్దత్తయ్యే అత్తయ్యా."

"కాదు" అన్నారు. కోపం లేదు. కొట్లో వేరే బ్రాండు సబ్బు ఇస్తే వెనక్కిచ్చినట్టు ఇచ్చేశారు.

మర్నాడు ఆవిణ్ణి కంప్యూటరు పక్కన కూర్చోబెట్టుకుని మొఖం దిద్దాను. ఆవిడ చెప్పడం, నేను చెరపడం.

"ముక్కు ఆవిడదే. కళ్లూ ఆవిడవే. అన్నీ ఉన్నాయి, ఆవిడ నేదు."

"నవ్వు తగ్గించనా?"

"తగ్గించు. ఊఁహూఁ. కనుబొమ్మ కొంచెం లేపు. ఇంకాస్త. ఆగాగు. ఇప్పుడు మీ ఆయనలాగ అయిపోనాది."

చూస్తే నిజంగానే మా వారు చీర కట్టుకున్నట్టుంది. వదిన నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది. కంట్రోల్ జెడ్ నొక్కుతూ, నొక్కుతూ మొదటికొచ్చాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. మెల్లగా లేచి, "పోన్లే. ఆ మొఖం నాకింక రాసి నేదు. నీ తప్పేటి" అన్నారు. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ రాత్రి దీపం దగ్గర, నాకొచ్చిందంతా చేశాను స్వామీ, రానిది నువ్వు చూసుకో అనుకుని పడుకున్నాను.

గురువారం, అంటే పండగ ముందు రోజు, చివరగా ఇంకొక్క కాగితం వేద్దామనుకున్నాను. అదే బొమ్మ, ఏ దిద్దుబాటూ లేని మొదటి షీటు. మేడ మీద అన్నీ పరుస్తుండగా కింద మా వారు పిలిచారు, మర్నాటి బూరెలకి పప్పు ఎంత నానబెట్టాలో చెప్పమని. నేను దిగాను. వదిన అక్కడే ఉంది, మిగతాది తను పెడతానంది.

సాయంత్రం నేను వంటగదిలో వెడల్పాటి పళ్లెంలో వెలిగారం నీళ్లు పోసి కాగితం ముంచాను. ఎప్పటిలాగే బొమ్మ లేచింది. ఎప్పటిలాగే అంటే, పైట మాత్రం కుడి భుజం మీద ఉంది.

"వదినా," అని పిలిచాను. "షీటు ఏ పక్క పెట్టారు?"

"ఏ పక్కేటి? అచ్చరాలు నేవు గదా, ఎటెడితే ఏటి అని ఎట్టేసేను."

షీటు బోర్లా పడింది. అందుకే బొమ్మంతా అటుది ఇటు అయింది. సూర్యుడు దిగిపోయాడు. తెల్లారితే పండగ. మా ఇళ్లలో ఆడవాళ్లది ఎడమ పైట. కుడి పైట వేసుకునే కుటుంబాలు ఊళ్లో వేరే ఉన్నాయి, పెద్ద ముసలమ్మలు పైట చూసే ఎవరింటి మనిషో చెప్పేస్తారు. మా పేరంటాలు ఒక్క పూటలో ఇంకొకరింటి మనిషైపోయింది. కాగితం ఆరగానే బియ్యం బస్తాల వెనక పెట్టేద్దామని పట్టుకెళ్తుంటే అత్తయ్య ఎదురయ్యారు.

"ఏటది, దాస్తన్నావు?"

"పాడైపోయింది అత్తయ్యా."

"ఇలాగియ్యి."

తీసుకుని దీపం వెలుగులోకి పట్టుకెళ్లారు. నేను పైట సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి మెల్లగా తన తల మీదికి వెళ్లింది. ఉన్న గుప్పెడు తెల్ల జుట్టునీ వెనక్కి దువ్వుకున్నట్టు నిమురుకున్నారు. తర్వాత పీట లాక్కుని, కాగితానికి వీపు చూపించకుండా, ఎదురుగా కూర్చున్నారు.

"ఇన్నాళ్లకి తిన్నగా సూసేవే" అన్నారు. నాతో కాదు.

వదిన వచ్చి వెనక నుంచి తొంగి చూసింది.

"అమ్మా, అదేటి, కుడి పైట? మన ఇళ్లల్లో కుడి పైట ఎవులేసుకుంటారు? రేపు సుట్టాలొచ్చి, ఎవుర్ని తెచ్చి గూట్లో ఎట్టేరే అంటే ఏటి సెప్తావు?"

"ఎట్టింది నువ్వే గదా. నువ్వే సెప్పు."

"నేను సూసి ఎట్టేనేటి?"

"సూసి ఎట్టిన నాడు రానేదు. సూడకుండా ఎట్టేవు, వొచ్చింది."

నాకు ఇంకా అర్థం కాలేదు. అదే ముక్కు, అవే కళ్లు, అదే నవ్వు. అటుది ఇటయింది, అంతే. మొన్న కాదన్న మొఖం ఈ రోజు ఎలా అయిందని అడిగాను.

అత్తయ్య కాగితం మీంచి కళ్లు తియ్యకుండా చెప్పారు. "నేనొచ్చేసరికి నాకు పద్నాలుగేళ్లే. అక్క పెద్దకోడలు. ఆవిడెదర తలెత్తి తిన్నగా సూడ్డం ఉన్నాదేటి అప్పుడు? మాటాడినా కాళ్లకేసి సూసే మాటాడాల. పొద్దున్న మాత్రం జడెయ్యడానికి అద్దం కాడ కూకోబెట్టేది. నేను ముందల, ఆవిడ ఎనక. జడ లాగి లాగి ఎయ్యడం, నేను అద్దంలోకి సూడ్డం. ఆవిడా అద్దంలోకే సూసి నవ్వేది. అద్దంలో సూస్తే తప్పు నేదు గదా. ఎవులూ తిట్టరు."

నాకు సిగ్గేసింది. ఎన్ని ముగ్గులు సగం వేసి తిరగేశానో నాకే లెక్క తెలీదు. ఆ మీట ఎదురుగా ఉండగా, దిద్దడానికి ముక్కు, కనుబొమ్మ తప్ప నాకు ఇంకేం తట్టలేదు. తెర మీద బొట్టు పెట్టించుకున్న స్వామి అన్నాళ్లూ నా వైపు చూస్తూనే ఉండి ఉంటాడు.

వదిన మాత్రం ఇంకా పైట దగ్గరే ఉంది. లారీ డ్రైవర్లతో బేరాలాడిన మనిషి, అంత తేలిగ్గా వదలదు.

"సరే, మొఖం అలాగుంచి పైట ఒక్కటీ మార్పించొచ్చు గదా కంప్యూటర్లో."

"మొఖం అద్దంలోది, పైట బయటదీ ఎలాగవుతాదే? అద్దం కాడకెళ్లి నీ పైట ఏ పక్కుందో సూసుకు రా."

వదిన నిజంగానే వెళ్లింది. బీరువా అద్దం ముందు నిలబడింది. తన పైట పట్టుకుంది, అద్దంలో మనిషి పైట చూసింది, ఒకసారి వెనక్కి తిరిగి మళ్లీ చూసుకుంది. వచ్చి మా పక్కన కూర్చుంది.

"యాభై ఏళ్లొచ్చినాయి. అద్దంలో కుడి పైటేసుకుని తిరుగుతన్నానని ఒక్కలూ సెప్పనేదు."

శుక్రవారం పొద్దున్న గూట్లో పసుపు పూసి, బొట్లు పెట్టి, దాని మధ్య ఆ కాగితాన్ని నిలబెట్టాం. ఫ్రేము లేదు, దండ లేదు. అత్తయ్య చీర పెట్టి, దీపం వెలిగించి, మొఖం వైపు చూస్తూ బొట్టు పెట్టారు. ఎవరికి పెడుతున్నారో ఆ పూట ఆవిడకి తెలుసు. నేను పక్కన హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. కెమెరా తేలేదు. తేవాలని తోచనే లేదు.

చుట్టాలు రాగానే వదిన భయపడిందే జరిగింది. ఒక పెద్దావిడ కళ్లు చికిలించి, "ఇదేటి, కుడి పైటలా ఉన్నాదేటి?" అంది. వదిన సిద్ధంగా ఉంది. తను జడ వేసుకునే అద్దం తెచ్చి గూటికి ఎదురుగా వాటంగా పట్టుకుంది.

"ఇందులోకి సూడండి పిన్నీ. ఎడమ పైటే."

ఆవిడ అద్దంలోకి వంగింది. ముందు తన ముంగురులు సర్దుకుంది, బొట్టు తిన్నగా ఉందో లేదో చూసుకుంది, తర్వాత పేరంటాలుని చూసి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చినావిడా అంతే, ఆ వెనకావిడా అంతే. ఆ రోజు మా పేరంటాలు దర్శనానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ బొట్టు దిద్దుకునే వెళ్లింది. వదిన చేతులు నొప్పెట్టేదాకా అద్దం పట్టుకుంది. మా వారు బూరెలు నములుతూ, "అక్కా, జుట్టు కత్తిరించడం కూడా మొదలెట్టు, సాలూరులో సెలూను పెట్టుకోవచ్చు" అని ఆ చేతులతోనే మొట్టికాయ తిన్నారు.

పసుపు ఫొటో నిలవదు. ఆ పేజీలో అది కూడా రాసి ఉంది. వెలుగు తగిలిన కొద్దీ వెలిసిపోతుంది, దాన్ని ఆపే మందు లేదు. అది అత్తయ్యకి చెప్పడానికి నేను చాలా బెంగపడ్డాను. ఆవిడ విని, గూటికి తలుపు చేయించమన్నారు. ఆ తర్వాత ఎవరు ఆ గదిలోకి వెళ్లినా వెనక నుంచి గొంతు వినిపించేది.

"తలుపెయ్యండర్రా. మా అక్క తెల్లబడిపోతాది. ఉన్నన్నాళ్లూ తెల్లగా నేదు, ఇప్పుడెందుకు."

ఎంత తలుపు వేసినా మళ్లీ వైశాఖం వచ్చేసరికి మొఖం పల్చబడుతుంది. కొత్తది వెయ్యాలి. కంప్యూటరులో బొమ్మని తిరగేసి ఉంచాను. దాన్నే కొత్త షీటు మీద అచ్చేయిస్తే నేను ఎటూ తికమక పడక్కర్లేదు. అత్తయ్య దానికి ఒప్పుకోరు.

"మీ వదిన్ని రానీ. అదే ఎట్టాల. నీకు సేతకాదు."

అందుకని పాత షీటే దాచి ఉంచాను. ఎండలు ముదరగానే సాలూరు నుంచి ఫోను వస్తుంది. "నేనొచ్చీదాకా ముట్టుకోకు" అని ఒకే మాట. లారీ దిగి, కాళ్లు కడుక్కుని, నేరుగా మేడ మీదికి వెళ్తుంది. నేను కాగితం పరిచి, షీటు ఆవిడ చేతికిస్తాను. ఏ పక్క పెట్టాలని ఆవిడ అడగదు, నేను చెప్పను. పెట్టాక మాత్రం వంగి పైట ఏ భుజం మీదుందో ఒకసారి చూసుకుంటాను. ఉండవలసిన చోటే ఉంటుంది. అద్దం పలక మూసి, ఇంత చేయించుకున్న దేవుడికి దణ్ణం పెట్టుకుని, బూరెలకి పప్పు నానబెట్టడానికి కిందికి దిగుతాను. కర్ర పట్టుకుని అత్తయ్య కూర్చుంటారు.